‘కొన్ని దూర ప్రాంతాలలో తప్ప’

1933 మార్చిలో జెనీవాలో ప్రపంచ నిరాయుధీకరణ మహాసభ నడుస్తుండగా బ్రిటిష్ ప్రభుత్వం ఒక ఒప్పందం ముసాయిదా ప్రవేశపెట్టింది. ఆకాశం నుంచి బాంబులు వేయడాన్ని దేశాలన్నీ పూర్తిగా మానుకోవాలని అందులో 34వ అధికరణం అంటుంది. అక్కడితో ఆగివుంటే ఆ వాక్యాన్ని ఇవాళ పిల్లలకు పాఠంగా చెప్పుకునేవాళ్ళం. కానీ ఆ వాక్యం మధ్యలోనే బ్రాకెట్లు పెట్టి, కొన్ని దూర ప్రాంతాలలో పోలీసు అవసరాలకు తప్ప, అని చేర్చారు.

నేను పుట్టింది విశాఖపట్నంలో. పాతికేళ్ళుగా పనిచేస్తున్నది అరకు, అనంతగిరి, పాడేరు మండలాల్లో, స్త్రీల సంఘాలతో. అంటే ఆ బ్రాకెట్ల లోపల. చట్టాలన్నీ దేశమంతటికీ వర్తిస్తూ ఇక్కడికొచ్చేసరికి ‘తప్ప’ అనే మాట దగ్గర ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. అందుకే తొంభై ఏళ్ళు దాటినా ఆ మాట నాకు పాతబడినట్టు అనిపించదు.

ఇప్పుడు దీన్ని ఎత్తుకోవడానికి కారణం వుంది. ఈ మధ్య మా ప్రాంతంలోని ఒక బాలికల వసతి పాఠశాలలో సైనిక విమానాల తొలినాటి చరిత్ర మీద ఉపన్యాసం పెట్టారు. మాట్లాడినాయన రిటైరైన అధికారి. మర్యాదస్తుడు. పిల్లల్ని ‘అమ్మా’ అని పలకరిస్తూ అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. రైట్ సోదరులు, మొదటి ప్రపంచయుద్ధం, పంతొమ్మిదేళ్ళకే ఫ్రాన్సు ఆకాశంలో నేలకూలిన మన ఇంద్రలాల్ రాయ్, అన్నీ వివరించాడు. ఆ వరసలోనే ‘1920లలో వాయవ్య సరిహద్దు కొండల్లో విమానాలు దిగాక యుద్ధాల్లో ప్రాణనష్టం బాగా తగ్గింది’ అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళంతా కోందు, బగత, కొండదొర, వాల్మీకి, కోటియా పిల్లలు. కొండల పిల్లలు.

‘ఎవరి ప్రాణనష్టమండీ?’ అని అడిగాను. ‘సైనికులదండీ’ అన్నాడాయన, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆయన చదివిన పుస్తకాల్లో అలాగే వుంటుంది. విమానాల చరిత్రంతా విమానంలో కూర్చున్నవాడు రాసిందే. ఎంత ఎత్తు లేచింది, ఎంత దూరం పోయింది, ఎంత బరువు మోసింది, ఎవరికి ఏ పతకం వచ్చింది. కింద వున్నవాళ్ళు ఆ కథలోకి రారు. అందుకని కింది నుంచి మొదలుపెడతాను.

మనుషులు విమానం కనిపెట్టకముందే, 1899లో, హేగ్‌లో కూడిన రాజ్యాలు బెలూన్ల నుంచి పేలుడు వస్తువులు పడవేయకూడదని అయిదేళ్ళకి ఒప్పందం చేసుకున్నాయి. అంటే దీనివల్ల ఏం జరగబోతోందో వాళ్ళకి ముందే తెలుసు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం లేచింది. ఎనిమిదేళ్ళు నిండకుండానే, 1911 నవంబరు 1న, ఇటలీ లెఫ్టినెంటు జూలియో గవోట్టి తన విమానంలోంచి ట్రిపోలీ దగ్గరున్న ఐన్ జారా ఒయాసిస్సు మీద చేతిబాంబులు విసిరాడు. రెండేసి కిలోలకి మించని బాంబులు అవి. విమానం నుంచి పడిన తొలి బాంబుల కింద వున్నది లండనూ కాదు, బెర్లినూ కాదు. ఇటలీ ఆక్రమించుకుంటున్న లిబియాలోని అరబ్బులు, తుర్కులు.

మన దేశానికి మొదటి సైనిక విమాన దళం 1915 డిసెంబరులో వచ్చింది. 31వ నంబరు స్క్వాడ్రన్. దాన్ని వాయవ్య సరిహద్దులో, పఠాన్ల కొండల ముందు, రిసాల్‌పూర్‌లో వుంచారు. 1919లో మూడో ఆఫ్ఘన్ యుద్ధంలో సరిహద్దు గ్రామాల మీద బాంబులు వేశారు. ఆ మే నెలలో ఒక పెద్ద హాండ్లీ పేజ్ విమానం కాబూల్ దాకా వెళ్ళి అమీరు కోట మీద బాంబులు వేసింది. రాణివాసపు స్త్రీలు బెదిరిపోయి వీధుల్లోకి పరుగెత్తారని ఆ దాడి కథనాల్లో ఒక ముచ్చటగా చెప్పుకుంటారు. స్త్రీల భయం వాళ్ళకి విజయానికి కొలబద్ద.

దానికి నెల ముందు పంజాబులో జరిగింది మనకి మరీ దగ్గరది. జలియన్‌వాలాబాగ్ గురించి ప్రతి పిల్లకీ తెలుసు. మరునాడు, 1919 ఏప్రిల్ 14న, లాహోరు నుంచి వెళ్ళిన విమానాలు గుజ్రాన్‌వాలా పట్నం మీదా చుట్టుపక్కల పల్లెల మీదా బాంబులు వేసి, మరతుపాకులతో కాల్చిన సంగతి ఎంతమందికి తెలుసు? అక్కడ ఒక హైస్కూలు హాస్టలు మీద కూడా దాడి జరిగింది. పైనుంచి చూసి కిందివాళ్ళు అల్లరిమూకో, పొలం నుంచి ఇంటికి పోతున్నవాళ్ళో ఎలా తేల్చుకున్నావని హంటర్ కమిటీ ఆ పైలట్ అధికారిని ప్రశ్నించింది. హాస్టల్లో వుండి చదువుకునే మా పిల్లలకి సైనిక విమానాల చరిత్ర చెప్పదలచుకుంటే ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

యుద్ధం ముగిశాక సామ్రాజ్యానికి డబ్బు కటకట వచ్చింది. వైమానిక దళాన్ని ఎందుకు వుంచాలని సైన్యమూ నౌకాదళమూ అడగసాగాయి. దాని అధిపతి ట్రెంచర్డ్ చూపించిన దారి చవకగా పాలించడం. 1920 జనవరిలో సోమాలీ ప్రాంతంలో పన్నెండు విమానాలతో ఒక తిరుగుబాటుని కొద్ది వారాల్లో అణచి చూపించారు. 1921 మార్చిలో కైరోలో వలసల మంత్రి చర్చిల్ సమక్షంలో ఇరాక్‌ని విమానాలతో అదుపు చేయాలని నిర్ణయించారు. 1922 అక్టోబరు 1న ఇరాక్ సైనికాధికారం వైమానిక దళం చేతికి వెళ్ళింది. ఎనిమిది స్క్వాడ్రన్లు. పన్ను కట్టలేదని, షేకు పిలిస్తే రాలేదని ఊళ్ళ మీద బాంబులు వేశారు. తర్వాతి యుద్ధంలో జర్మనీ నగరాల్ని తగలబెట్టించిన ఆర్థర్ హారిస్ అప్పుడు అక్కడ స్క్వాడ్రన్ నాయకుడు. నాలుగైదు విమానాలు చాలు, 45 నిమిషాల్లో ఒక పెద్ద ఊరిని దాదాపు తుడిచిపెట్టి, జనంలో మూడోవంతుని చంపడమో గాయపరచడమో చేయవచ్చని 1924లో నివేదిక రాశాడు. గొప్ప చెప్పుకుంటూ రాశాడు.

అందరూ అలాంటివాళ్ళే కాదు. లయనెల్ చార్ల్‌టన్ అనే ఉన్నతాధికారి 1923లో ఇరాక్ వచ్చాడు. దివానియా ఆస్పత్రికి వెళ్ళి బాంబు దెబ్బలు తిన్న మామూలు జనాన్ని మంచాల మీద చూశాడు. తర్వాత ఈ పని నా వల్ల కాదని పదవి వదులుకున్నాడు. ఆయన పేరు ఆకాశవీరుల జాబితాలో వుండదు. ఇంకోవైపు గెర్‌ట్రూడ్ బెల్. బాగ్దాద్ పరిపాలనలో పెద్ద స్థానంలో వున్న విదుషి, అరబ్బీ వచ్చిన మనిషి. 1924లో వైమానిక దళం ఒక ఉత్తుత్తి పల్లెను కట్టి, దాన్ని బాంబులతో తగలబెట్టి చూపించిన ప్రదర్శన చూసి అబ్బురపడుతూ ఇంటికి ఉత్తరం రాసింది. స్త్రీ అయినంత మాత్రాన కింద వున్నవాళ్ళ వైపు చూస్తుందన్న హామీ ఏమీ లేదు. మన పత్రికలో ఈ మాట అప్పుడప్పుడూ అనుకుంటూ వుండడం మంచిది.

ఇక ‘ప్రాణనష్టం తగ్గింది’ అన్న మాట దగ్గరికి వద్దాం. 1925 మార్చి నుంచి మే దాకా దక్షిణ వజీరిస్తాన్‌లో పింక్ అనే వింగ్ కమాండర్ నాయకత్వంలో మహ్‌సూద్ తెగ మీద దాడి జరిగింది. నేల మీద సైన్యం కదలకుండా ఒక్క విమానాలతోనే సాగిన మొదటి దండయాత్ర అని దానికి పతకం మీద ప్రత్యేక పట్టీ (క్లాస్ప్) కూడా ఇచ్చారు. బ్రిటిష్ వైపు చనిపోయింది ఇద్దరు. మహ్‌సూద్‌ల వైపు ఎంతమంది పోయారో ఆ విజయగాథలు చెప్పవు. ఒక వైపు మాత్రమే లెక్కపెడితే నష్టం తగ్గినట్టే కనిపిస్తుంది మరి.

ఆ దాడుల పద్ధతి చూడండి. ముందు కరపత్రాలు జారవిడుస్తారు. ఫలానా రోజులోగా లొంగకపోతే బాంబులు పడతాయి, స్త్రీలనూ పిల్లలనూ దూరంగా పంపించండి అని. గడువు దాటాక బాంబులు వేస్తారు. ఆ తర్వాత రోజుల తరబడి, వారాల తరబడి విమానాలు తిరుగుతూనే వుంటాయి. జనం ఇళ్ళకు రాకుండా, పొలంలో దిగకుండా, పశువుల్ని మేపుకోకుండా. ఇళ్ళు కూల్చడం కన్నా ఇంటికి రానివ్వకపోవడమే ఎక్కువ ఫలితమిస్తుందని ఆ అధికారులే కనిపెట్టారు. దీన్ని మానవీయమైన పద్ధతి అన్నారు. ముందుగా చెప్పాం కదా, చాలామంది చావలేదు కదా అన్నారు.

ఏ కొండ పల్లెలోనైనా ఒక్క రోజు వుండి చూసిన వాళ్ళకి ఇందులో కిటుకు వెంటనే తెలుస్తుంది. మా దగ్గర కోడికూతకి లేచి గెడ్డకి పోయి నీళ్ళు తెచ్చేది ఎవరు? చోళ్ళు విసిరి అంబలి కాచేది, పోడులో కలుపు తీసేది, వలిసెలు దులిపేది, మేకల్ని తోలుకుపోయేది, పొయ్యిలోకి కర్రలు మోసుకొచ్చేది ఎవరు? వజీరిస్తాన్‌లోనూ కుర్దుల కొండల్లోనూ కొంచెం అటూఇటూగా ఇదే. తుపాకి పట్టినవాడు గుట్ట మీద ఎక్కడైనా దాక్కోగలడు. ఇంటిని గుట్ట మీద దాచలేం. నెలల పసిగుడ్డునీ, పురుటి మనిషినీ, కంటిచూపు లేని అత్తగారినీ తీసుకుని గుహలో నెలరోజులు వుండమంటే ఆ నెలరోజుల శిక్ష ఎవరికి పడింది? మగవాడు తలవంచేదాకా ఆడదాని పనిని ఆపేయడం, ఆ ఆపేసిన పనిలోంచి పుట్టే ఆకలితో ఊరిని లొంగదీయడం. వైమానిక పోలీసుపని అంటే ఇదే. స్త్రీల శ్రమను ప్రభుత్వాలు ఏ జనాభా లెక్కలోనూ సరిగా లెక్కకట్టలేదు గానీ, ఈ ఒక్క విషయంలో దాని విలువ వాళ్ళకి బాగా తెలుసు.

కరపత్రం గురించి ఇంకొక మాట. చదువు రాని పల్లె మీద కాగితం పడేసి, చెప్పాల్సింది చెప్పేశామనడం. ఇది చదివి నవ్వుకోకండి. మా మండలాల్లో చాలా ఊళ్ళలో ఇంట్లో మాట్లాడేది కువి, ఆదివాసీ ఒరియా. గ్రామసభ నోటీసు కచేరీ తెలుగులో ఒక గోడకి అంటించి, సభ జరిగిందని, జనం ఒప్పుకున్నారని రాసుకుపోయిన సందర్భాలు ఎన్నో చూశాను. ఆ కాగితాల వెనక బాంబు లేదు, నిజమే. కానీ ఎవరికి చెప్పాలో వాళ్ళకి అర్థం కాకుండా చెప్పి, బాధ్యత తీరిందనుకునే పద్ధతి మాత్రం అదే.

ఇరాక్‌లో వైమానిక దళం పగ్గాలు పట్టుకున్న నెలలో మన కొండల్లో ఏం జరుగుతోంది? 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు, వాళ్ళ వెంట గిరిజనులు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేశారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర ఇద్దరు ఇంగ్లీషు అధికారులు, స్కాట్ కవర్డ్, హేటర్, చనిపోయారు. అడవి చట్టాలు పోడుని కాజేయడం, బాస్టియన్ అనే డిప్యూటీ తహశీల్దారు రోడ్ల కోసం చేయించిన వెట్టి, ఇవే ఆ తిరుగుబాటుకి నిప్పు పెట్టాయి. మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చాయి. అవి కొండలెక్కి, గెడ్డలు దాటి, కాలినడకన వెతికాయి. 1924 మే 7న రాజుని కాల్చి చంపారు.

ఈ రెండు కథల్నీ మనం వేరువేరు పుస్తకాల్లో చదువుతాం. గూడెం తిరుగుబాటు స్వాతంత్ర్యోద్యమం పాఠంలో వస్తుంది. విమానాలు విజ్ఞానశాస్త్రం పాఠంలో వస్తాయి. కానీ ఆ రెండు కొండల మీదా పెత్తనం చేసింది ఒకే ప్రభుత్వం, అవే సంవత్సరాల్లో. అక్కడ బోడి కొండలు, పైనుంచి చూస్తే మేకపిల్ల కూడా కనబడుతుంది. ఇక్కడ దట్టమైన అడవి, ఏడాదిలో సగం రోజులు మంచు. మనల్ని కాపాడింది ఆ ప్రభుత్వం దయ అని మాత్రం నేననుకోను. ఆ రెండేళ్ళూ దళాలకు అంబలి పోసి, పోలీసులు ఊరి మీద పడితే దెబ్బలు తిన్న స్త్రీల పేర్లు చరిత్రలో దొరకవన్నది మన పత్రిక విడిగా రాయాల్సిన సంగతి.

‘దూర ప్రాంతం’ అన్న మాట అకస్మాత్తుగా జెనీవాలో పుట్టలేదు. మా ‘ఏజెన్సీ’ అన్న పేరే దాని అక్క. 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు చట్టం నుంచి, మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టర్ని గవర్నరు ఏజెంటుగా చేశారు. ఏజెంటు పాలించేది ఏజెన్సీ. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం. 1919లో వెనుకబడిన ప్రాంతాలన్నారు. 1935లో మినహాయించిన ప్రాంతాలు, కొంతవరకు మినహాయించిన ప్రాంతాలు అన్నారు. ఆ 1935లోనే, బాంబుల నిషేధం ఏమైందన్న చర్చలో, విమానాల మంత్రిగా పనిచేసిన లార్డ్ లండన్‌డెరీ, భారతదేశపు సరిహద్దుల్లోనూ మధ్యప్రాచ్యంలోనూ బాంబులు వాడుకునే హక్కుని జెనీవాలో ఎంతో కష్టపడి కాపాడానని ప్రభువుల సభలో చెప్పుకున్నాడు. నిషేధం ఒప్పందం అప్పటికే చచ్చిపోయింది. మినహాయింపు మాత్రం బతికింది. కొద్ది ఏళ్ళకి గుయెర్నికా, రాటర్‌డామ్, లండన్, హాంబర్గ్. కొండల్లో నేర్చుకున్న విద్య వాళ్ళ ఊళ్ళకే వచ్చింది. గుయెర్నికా 1937లో కాలితే ప్రపంచం కన్నీరు పెట్టింది, పెట్టాల్సిందే. 1925లో మొరాకో కొండల్లోని షెఫ్‌షావెన్ మీద బాంబులు వేసినప్పుడు మగవాళ్ళు యుద్ధానికి పోగా ఊళ్ళో మిగిలింది ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ. దాన్ని తలచుకునేవాళ్ళు అరుదు.

మా అమ్మమ్మ విశాఖ మీద పడిన జపాను బాంబుల గురించి చెప్పేది. 1942 ఏప్రిల్ 6, సోమవారం. అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు. జనం మూటలు కట్టుకుని పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయింది. ఆనాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో వుంది. బాగానే వుంది, వుండాలి. పట్నం మీద పడితే బాంబు మ్యూజియంలోకి వెళ్తుంది. ‘దూర ప్రాంతం’ మీద పడితే నివేదికలో ఒక పేరాగా మిగులుతుంది.

ఇదంతా తెల్లవాళ్ళ సంగతి, మన విమానాలు మనవి, అంటారు కొందరు. ఇక్కడ కొంచెం ఇబ్బందిగా వున్నా నిజం చెప్పుకోవాలి. భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న పుట్టింది. దాని మొదటి స్క్వాడ్రన్‌కి మొదట ఇచ్చింది నాలుగు వాపిటి విమానాలు. 1930ల చివర్లో దాన్ని మొదటిసారి యుద్ధరంగంలోకి పంపింది వజీరిస్తాన్ కొండలకే. ఆ యువ పైలట్లు పరాయి ప్రభుత్వం కింద ఉద్యోగులు, నేను వాళ్ళని దోషులనడం లేదు. అప్పట్లో సరిహద్దు గ్రామాల మీద బాంబుల్ని కాంగ్రెస్ గట్టిగా ఖండించింది. మరి 1966 మార్చి 5న, కాంగ్రెస్ ప్రభుత్వమే వుండగా, మిజో తిరుగుబాటుని అణచడానికి ఐజ్వాల్ పట్నం మీద మన విమానాలే బాంబులు వేశాయి. ఆ విమానాలు మనుషుల్నీ సరుకుల్నీ దించడానికి వెళ్ళాయని ప్రభుత్వం అంది. పట్నం తగలబడింది, జనం కొండల్లోకి పారిపోయారు. మిజో కొండలు కూడా అప్పటి అస్సాంలో ఒక దూర ప్రాంతం.

అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు ఎక్కితే దంతెవాడ జిల్లాలో దిగుతాం. అక్కడికి పక్కనే వున్న బీజాపూర్, సుక్మా జిల్లాల్లోని అడవి పల్లెల ఆదివాసీలు 2021 నుంచి 2023 వరకు పలుసార్లు తమ పొలాల దగ్గర, అడవిలో డ్రోన్లతో, హెలికాప్టర్లతో పేలుడు పదార్థాలు వేశారని ఆరోపించారు. ఇప్పపూలు ఏరుకోవడానికి పోవాలంటే భయంగా వుందన్నారు. పోలీసులు ఆ ఆరోపణలు అబద్ధమన్నారు. ఎవరు నిజం చెబుతున్నారో తేల్చడం కష్టమైన పని కాదు. వెళ్ళి నేల తవ్వి చూస్తే చాలు. దేశంలో మరే జిల్లా కేంద్రంలోనైనా ఆకాశం నుంచి ఏదో పడిందని నలుగురు అంటే, సాయంత్రంలోగా మంత్రి వచ్చేవాడు.

‘మీరు దేశరక్షణకి వ్యతిరేకులా’ అని నన్ను తప్పకుండా అడుగుతారు. ఆ రోజు ఆ ఉపన్యాసం తర్వాత కూడా అడిగారు. 2017 నుంచి విశాఖ బీచిలో మ్యూజియంగా నిలబెట్టిన టీయూ-142 సముద్రం మీద కాపలా తిరిగిన విమానం. మా పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తాం, వాళ్ళకి భలే సరదా. సముద్రం మీద కాపలా వేరు. తన పౌరులనే అనుమానితులుగా పెట్టుకుని పైనుంచి చేసే పోలీసుపని వేరు. పోలీసు అంటే ఎదురుగా నిలబడి, పేరు అడిగి, కారణం చెప్పి, అరెస్టు చేసి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం చెబుతోంది. ఇరవై అడుగుల ఎత్తు నుంచి గానీ ఇరవై వేల అడుగుల ఎత్తు నుంచి గానీ ఆ పని ఎలా చేస్తారు?

రక్షణ పేరుతోనే ఇంకో సంగతి కూడా మా మీదికి వస్తుంది. విమానానికి కావలసిన లోహం. రైట్ సోదరుల ఇంజను పెట్టె అల్యూమినియంతో పోత పోసింది. 1909లో పేటెంటు పొందిన డ్యూరాల్యూమిన్ అనే మిశ్రలోహం వచ్చాక జర్మన్లు పూర్తిగా లోహంతో విమానాలు కట్టారు. అల్యూమినియం బాక్సైటు నుంచి వస్తుంది. బాక్సైటు మా తూర్పు కనుమల శిఖరాల మీద, ఊటలన్నీ పుట్టే చోట, టోపీలా పరుచుకుని వుంది. దాని అడుగున వున్న రాయికి 1902లో, రైట్ సోదరుల విమానం లేవడానికి ఒక ఏడాది ముందు, వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖోండలైట్ అని పేరు పెట్టాడు. ఖోందుల పేరు మీద. మా కోందుల పేరు రాయికి శాశ్వతంగా దక్కింది గానీ, ఆ రాయి వున్న కొండ మీద వాళ్ళ హక్కు ఎప్పుడూ ప్రశ్నార్థకమే. మిగ్ విమానాల ఇంజన్ల కోసం 1964లో కోరాపుట్ జిల్లా సునాబేడలో కర్మాగారం మొదలైంది. ఆదివాసీలు భూములు వదిలి లేవాల్సి వచ్చింది. 1981లో నాల్కో ఏర్పడి పంచపట్‌మాలి కొండ తవ్వకానికి వెళ్ళింది. మా వైపు అనంతగిరి, చింతపల్లి కొండల మీద 2005 నుంచి ఒప్పందాలు మొదలయ్యాయి. 2015లో జి.ఓ. 97 వచ్చింది, ఏజెన్సీ అంతా లేచింది, 2019లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ పోరాటంలో ముందు నడిచినవాళ్ళలో స్త్రీలే ఎక్కువ. ఎందుకంటే కొండ పోతే ఎండిపోయేది వాళ్ళు నీళ్ళు తెచ్చుకునే గెడ్డ.

ఆ పోరాటానికి ఆసరా ఇచ్చింది కూడా ఒక మినహాయింపే. రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు, 1/70 చట్టం, బొర్రా దగ్గర నిమ్మలపాడు భూముల గనుల మీద మొదలైన కేసులో 1997 జూలై 11న సుప్రీం కోర్టు ఇచ్చిన సమత తీర్పు. ఇవి మా కోసం రాసిన ‘తప్ప’లు. దేశమంతటా ఎవరి భూమి ఎవరైనా కొనుక్కోవచ్చు, ఇక్కడ తప్ప. వీటిని మాత్రం అభివృద్ధికి అడ్డంకులంటారు. ఎత్తేయాలని కమిటీలు వేస్తారు. మాకు వ్యతిరేకంగా రాసిన మినహాయింపు ఏదైనా అడ్డంకిగా వుందని ఏ పెద్దమనిషీ అనగా నేను వినలేదు.

ఆ పాఠశాలలో మళ్ళీ ఉపన్యాసం పెడతామంటున్నారు. ఈసారి ఐన్ జారా, గుజ్రాన్‌వాలా, వజీరిస్తాన్, ఐజ్వాల్ కూడా చెప్పాలని అడిగాం. జెనీవా ముసాయిదాలోని ఆ బ్రాకెట్టుని బోర్డు మీద రాసి చూపించాలన్నాం. ఆలోచిస్తామన్నారు. ప్రభుత్వాన్ని అడగాల్సింది వేరే వుంది. దేశంలోపల, పౌరులు నివసించే చోట, విమానం నుంచి గానీ హెలికాప్టరు నుంచి గానీ డ్రోను నుంచి గానీ బాంబులు వేయకూడదని ఏ బ్రాకెట్లూ లేకుండా పార్లమెంటు చట్టం చేయాలి. బీజాపూర్, సుక్మా పల్లెల ఆరోపణల మీద పోలీసులతో సంబంధం లేని విచారణ జరగాలి. ఆ బృందంలో గోండి, కోయ భాషలు వచ్చిన స్త్రీలుండాలి. వాళ్ళు ఊళ్ళలోకి వెళ్ళి, ముందు అక్కడి ఆడవాళ్ళతో, మగవాళ్ళూ పోలీసులూ లేని చోట కూర్చుని మాట్లాడాలి. ఈ మేరకు రాసిన వినతిపత్రం మీద అరకు, అనంతగిరి, హుకుంపేట, డుంబ్రిగుడ మండలాల సంతల్లో సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటున్నాం. తెలుగుతో పాటు కువిలోనూ ఆదివాసీ ఒరియాలోనూ చదివి వినిపించి, అర్థమైందన్నాకే.